కొత్త పాటలు ఎక్కడ రికార్డ్ చేయాలి: ఇంట్లోనా, ఊళ్లో స్టూడియోలోనా, ఖాళీ కల్యాణ మండపంలోనా?

మా బ్యాండులో నలుగురం. ఇద్దరిది పాలకొల్లు, ఒకరిది భీమవరం, డ్రమ్మర్‌ది రాజమండ్రి. అందరికీ ఉద్యోగాలో వ్యాపారాలో ఉన్నాయి, సంగీతానికి మిగిలేది ఆదివారమే. నేను బేస్ గిటార్ వాయిస్తాను. సొంతంగా కట్టుకున్న పాటలను ఇప్పటికి మూడు చోట్ల మూడు రకాలుగా రికార్డ్ చేశాం. అమలాపురం నుంచో కాకినాడ నుంచో కొత్తగా బ్యాండ్ కట్టిన కుర్రాళ్లు కలిస్తే ముందుగా అడిగే మాట ఒకటే: "అన్నా, ఏ స్టూడియో బాగుంటుంది?"

నేను తిరిగి అడిగేది కూడా ఒకటే. "మీ డ్రమ్స్ ఎలా రికార్డ్ చేద్దామనుకుంటున్నారు తమ్ముడూ?"

ఎందుకంటే గొంతుకు ఒక మైక్ చాలు. గిటార్ ఆంప్ ముందు ఒక మైక్ చాలు. బేస్‌కు అసలు మైకే అక్కర్లేదు, వైరు నేరుగా పెట్టేయొచ్చు. డ్రమ్స్‌కు మాత్రం తక్కువలో తక్కువ నాలుగు మైకులు ఒకేసారి పనిచేయాలి, ఆ మోత తట్టుకునే గది కావాలి. గిటార్ ముక్క బాగా రాకపోతే వచ్చే ఆదివారం మళ్లీ వాయించుకోవచ్చు. డ్రమ్స్ తప్పితే పాట మొత్తం మళ్లీ మొదలు. అందుకే ఇల్లా, స్టూడియోనా, సిటీకి వెళ్లడమా అన్న ఎంపిక నిజానికి డ్రమ్స్ గురించిన ఎంపికే.

ముందు డ్రమ్స్ సంగతి తేల్చుకోండి

మన దగ్గర మూడు దారులున్నాయి: అసలు డ్రమ్ కిట్, ఆక్టోప్యాడ్ (కర్రలతో కొడితే డ్రమ్స్ శబ్దాలిచ్చే ఎలక్ట్రానిక్ పలక), కంప్యూటర్‌లో ప్రోగ్రామింగ్.

గోదావరి జిల్లాల్లో ప్యాడ్స్ వాయించేవాళ్లకు కొదవలేదు. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, జాతరల్లో, చర్చిల్లో చేయి తిరిగినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్ల లయ మీద నాకు చాలా గౌరవం. ఆక్టోప్యాడ్‌కు చుట్టుపక్కల శబ్దంతో గొడవ లేదు, పడక గదిలోనే రికార్డ్ అయిపోతుంది. ప్యాడ్ నుంచి వచ్చే శబ్దంతో పాటు మిడీ సమాచారం కూడా కంప్యూటర్‌లోకి తీసుకోండి. ఏ దెబ్బ ఎప్పుడు పడింది, ఎంత గట్టిగా పడింది అన్నది మిడీలో ఉంటుంది కాబట్టి తరవాత మంచి కిట్ శబ్దాలు దానికి తొడగొచ్చు. అయితే రాక్ పాటలో హై హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు) కొంచెం తెరుచుకుంటూ మూసుకుంటూ ఊపిరి తీసినట్టు ఉంటుంది, క్రాష్ సింబల్ (పెద్ద లోహపు పళ్లెం) మోగి మెల్లగా ఆరిపోతుంది. ఆ రెండూ ప్యాడ్ మీద సగమే వస్తాయి.

ప్రోగ్రామింగ్ చౌక, శుభ్రం. మెల్లని పాటకు, ఒకే లయలో నడిచే పాటకు సరిపోతుంది. కానీ మా రెండో పాటలో చరణం నుంచి పల్లవికి వచ్చేటప్పుడు వేగం వెంట్రుకవాసి పెరుగుతుంది. నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ పెంచుకునే వేగం అది. ప్రోగ్రామ్ చేసినప్పుడు టెంపో అంకె మార్చి చూశాం. అంకె సరిగానే ఉంది, పాట మాత్రం బిగిసిపోయింది. మీ పాటలు ఇలా ఊగేవైతే అసలు కిట్టే కావాలి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఇంట్లో

ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే డబ్బా), ఒకటి రెండు మైకులు, ఒక ల్యాప్‌టాప్. ఫోకస్‌రైట్ స్కార్లెట్ టూ ఐ టూ లాంటి రెండు ఇన్‌పుట్ల డబ్బాతో గొంతు, గిటార్, బేస్ అన్నీ ఒకదాని తరవాత ఒకటి రికార్డ్ చేసుకోవచ్చు. అసలు కిట్‌కు నాలుగు నుంచి ఎనిమిది మైక్ ఇన్‌పుట్లు ఉన్న పెద్ద రకం కావాలి, దాంతో ఖర్చు ఒక్కసారిగా పైకి పోతుంది. మైక్ ఒక్కటే కొనగలిగితే షూర్ ఎస్ఎం 57 కొనండి. 1965 నుంచి వస్తున్న మైక్ అది. గిటార్ ఆంప్‌కు, స్నేర్‌కు (కిట్ మధ్యలో పెళపెళమని మోగే డ్రమ్), అవసరమైతే గట్టిగా పాడే గొంతుకు కూడా పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు రీపర్ చాలు, 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, వ్యక్తిగత లైసెన్స్ 60 డాలర్లు.

ఇంట్లో రికార్డ్ చేసుకోవడంలో గొప్ప లాభం సమయం. గంట లెక్క ఉండదు. మా గాయకుడు ఒక పల్లవిని మూడు ఆదివారాలు పాడాడు, మూడో వారం వచ్చింది అసలు గొంతు. స్టూడియోలో మీటర్ తిరుగుతుంటే ఆ గొంతు వచ్చేది కాదు.

శబ్దం విషయంలో డెల్టాలో ఒక చిక్కుంది. రాత్రయితే ప్రశాంతంగా ఉంటుందని అందరం అనుకుంటాం. భీమవరం చుట్టుపక్కల అది తలకిందులు. చెరువు నీళ్లలో ఆక్సిజన్ రాత్రి పూటే పడిపోతుంది కాబట్టి రొయ్యల చెరువుల్లో ఎరేటర్లు తెల్లవార్లూ తిరుగుతాయి. ఆ హోరు గోడల్లోంచి వచ్చి మైక్‌లో కూర్చుంటుంది. వానాకాలంలో కప్పలు సరేసరి. మాకు కుదిరిన వేళ పొద్దున పది నుంచి ఒంటిగంట వరకు. గుడి మైకు ఆగుతుంది, సెలవు కాని రోజైతే పిల్లలు బడికి పోతారు. ఆదివారమైతే చర్చి వేళ కూడా చూసుకోవాలి. మీ గదిలో ఒక రోజంతా గంటకోసారి రెండు నిమిషాలు ఊరికే రికార్డ్ చేసి వినండి, ఏ వేళ మంచిదో మీకే తెలుస్తుంది.

గది మోత తగ్గించడానికి దూరం నుంచి ఫోమ్ తెప్పించుకోనక్కర్లేదు. ఆ పలచని ఫోమ్ పైస్థాయి శబ్దాన్నే పీలుస్తుంది, బేస్‌ను ఆపలేదు. కోనసీమ పీచు పరుపులు రెండు గోడకు ఆనించి నిలబెట్టండి. మూలల్లో ఊక నింపిన బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చండి. మందంగా, బరువుగా, లోపల గాలి ఆడేలా ఉన్నదేదైనా శబ్దాన్ని తింటుంది. ఇంకొక జాగ్రత్త, మన గాలిలో తేమ ఎక్కువ. కండెన్సర్ మైక్ (గొంతుకు ఎక్కువగా వాడే సున్నితమైన రకం) లోపలికి తేమ చేరితే చిటపట మొదలవుతుంది. పని అయ్యాక సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని స్టీలు డబ్బాలో పెట్టేయండి.

కరెంటు హమ్ వస్తే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. చాలాసార్లు అక్కడితోనే పోతుంది. పోకపోతే ప్లగ్‌లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి.

ఊళ్లో స్టూడియో

రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటి చోట్ల చిన్న స్టూడియోలు ఉన్నాయి. ఎక్కువగా భక్తి పాటలు, క్రైస్తవ గీతాలు, జానపదాలు, ప్రైవేట్ ఆల్బమ్‌లు చేస్తారు. అక్కడ పని నడిచే తీరు వేరు. కీబోర్డ్ ప్రోగ్రామర్ ముందు వాయిద్యాల ట్రాక్ కడతాడు, గాయకుడు వచ్చి పాడి వెళ్తాడు. కాబట్టి గొంతు రికార్డ్ చేయడంలో వాళ్లది సిద్ధహస్తం. గొంతు గది ఉంటుంది, మంచి కండెన్సర్ మైక్ ఉంటుంది, శ్రుతి తప్పితే పట్టుకునే చెవి ఉంటుంది. నలుగురు ఒకేసారి వాయించే బ్యాండుకు మాత్రం ఆ గదులు చాలవు.

మా మొదటి పాట అలాంటి చోటే చేశాం. పేరు చెప్పను, వాళ్ల మంచితనానికి లోటు లేదు. కానీ ముందు మేం ఏమీ అడగలేదు. డ్రమ్స్ మొత్తం రెండే మైకులతో రెండు ట్రాకుల్లోకి (విడిగా సర్దుకోగల రికార్డింగ్ భాగాలు) వచ్చాయి. చివరికి చేతికి ఒక ఎంపీ3 ఇచ్చారు. ఆరు నెలల తరవాత స్నేర్ కొంచెం పెంచుదామని వెళితే విడివిడి ఫైళ్లు డిలీట్ అయిపోయాయన్నారు. ఆ పాట ఇప్పటికీ అలాగే ఉంది. వింటే బాధేస్తుంది.

అందుకే డబ్బు మాట్లాడుకునే ముందే ఇవి తేల్చుకోండి. ఒకేసారి ఎన్ని మైకులు రికార్డ్ అవుతాయి? రేటు గంటకా, పాటకా, మైకులు బిగించే సమయం కూడా లెక్కలోకి వస్తుందా? మిక్స్‌లో ఎన్నిసార్లు మార్పులు చేస్తారు? ప్రతి వాయిద్యం విడివిడిగా 24 బిట్ వేవ్ ఫైళ్లుగా ఇస్తారా? చివరి ప్రశ్నకు "చూద్దాంలెండి" అన్న జవాబు వస్తే అక్కడ డ్రమ్స్ చేయొద్దు.

ఖాళీ కల్యాణ మండపం

నాకు బాగా నచ్చిన దారి ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. కల్యాణ మండపాలు ఖాళీ. సౌండ్ సర్వీస్ వాళ్ల సామాను గోడౌన్‌లో కూర్చుని ఉంటుంది. ఇప్పుడు వాళ్లలో చాలామంది దగ్గర బెహ్రింగర్ ఎక్స్ 32 లేదా ఎక్స్ఆర్ 18 లాంటి డిజిటల్ మిక్సర్లు, డ్రమ్స్‌కు సరిపడా మైకులు, స్టాండ్లు ఉంటున్నాయి. పెళ్లిళ్ల సీజన్‌లో అడిగితే పలకరు. ఆషాఢంలో ఒక రోజుకు మాట్లాడితే మనిషితో సహా వస్తారు. స్టూడియో నాలుగు గంటలకు పెట్టే డబ్బుతో ఇక్కడ రోజంతా వాయించుకున్నాం.

ఇందులో ఒక చోట చాలామంది పప్పులో కాలేస్తారు. ఎక్స్ 32 పైభాగంలో పెన్ డ్రైవ్ పెట్టే రంధ్రం ఉంటుంది. "రికార్డింగ్ వస్తుందండీ, పెన్ డ్రైవ్ తెచ్చుకోండి" అంటారు. అందులోకి వచ్చేది కలిపేసిన స్టీరియో, అంటే రెండే ట్రాకులు. మనకు కావలసింది వెనక ఉండే యూఎస్‌బీ కార్డు ద్వారా ల్యాప్‌టాప్‌లోకి వెళ్లే 32 ట్రాకులు. ఎక్స్ఆర్ 18 అయితే యూఎస్‌బీ వైరు ఒక్కటి పెడితే 18 ట్రాకులు విడివిడిగా వస్తాయి. యూఎస్‌బీ ఉన్న పాత అనలాగ్ మిక్సర్లలో కూడా చాలావాటికి స్టీరియో ఒక్కటే వస్తుంది. ముందు రోజు సాయంత్రమే మీ ల్యాప్‌టాప్ తీసుకెళ్లి వాళ్ల గోడౌన్‌లోనే ట్రాకులన్నీ పడుతున్నాయో లేదో చూసుకోండి. హార్డ్ డిస్క్‌లో చోటు కూడా చూడండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ దగ్గర 16 ట్రాకులతో ఐదు నిమిషాల టేక్ (పాటను ఒకసారి వాయించడం) ఒక్కటే దాదాపు 700 మెగాబైట్లు.

మండపం చూడటానికి వెళ్లినప్పుడు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట కొట్టండి. పెద్ద హాలులో అది చాలాసేపు తిరుగుతుంది. మెల్లని పాటకు అందంగా ఉంటుంది, వేగంగా నడిచే పాటకు డ్రమ్స్ అన్నీ బురదలా కలిసిపోతాయి. మేం భోజనాల హాలు వాడుకున్నాం. అది చిన్నది, పైకప్పు తక్కువ ఎత్తు. బల్లలను గోడలకు అడ్డంగా నిలబెట్టి వాటి మీద జంపఖానాలు వేశాం. ఇంకో సంగతి, పైన స్లాబ్ ఉండి తీరాలి. ఆషాఢమంటే వానలు. రేకుల షెడ్ మీద జల్లు పడితే ఆ రోజు పని అయిపోయినట్టే.

గిటార్ ఆంప్‌ను పెళ్లికూతురి గదిలో పెట్టి తలుపేశాం. గాలిలో శబ్దం మీటరు దూరం పోవడానికి దాదాపు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. ఆంప్ డ్రమ్స్‌కు పది మీటర్ల దూరంలో అదే హాలులో ఉంటే దాని మోత 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా డ్రమ్స్ మైకుల్లోకి చేరి అంతా చెదరగొడుతుంది. పొడుగు వైరు లాగి గిటారిస్ట్ మాత్రం మాతోనే నిలబడ్డాడు. బేస్ నేరుగా మిక్సర్‌లోకి. గాయకుడు సామాన్ల గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దారి చూపడానికి ఒక గొంతు పాడాడు, దాన్ని తరవాత తీసేశాం.

డ్రమ్స్ మైకులకు ఇంగ్లండ్ ఇంజనీర్ గ్లిన్ జాన్స్ పేరు మీద ప్రసిద్ధమైన పద్ధతి వాడాం. ఒక మైక్ స్నేర్‌కు సూటిగా పైన, ఇంకొకటి ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబెట్టే పెద్ద డ్రమ్) పక్క నుంచి స్నేర్ వైపు చూస్తూ, రెండూ స్నేర్ నడిబొడ్డుకు సరిగ్గా సమాన దూరంలో. పురికొస ముక్కతో కొలిచాం. దూరం తేడా వస్తే స్నేర్ శబ్దం పలచబడిపోతుంది. దానికి తోడు కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) లోపల ఒకటి, స్నేర్ దగ్గర ఒకటి. నాలుగే మైకులు. ఆపరేటర్ గారు ప్రతి డ్రమ్‌కూ ఒకటి పెడదామన్నారు. వద్దన్నందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది. గెయిన్ (మైక్ నుంచి వచ్చే శబ్దాన్ని పెంచే మీట) కూడా తగ్గించి పెట్టండి. పెళ్లి పందిట్లో మీటర్లు ఎర్రగా వెలగడం వాళ్లకు అలవాటు. రికార్డింగ్‌లో అత్యంత గట్టి దెబ్బ మీటరు మీద మైనస్ పది డెసిబెల్స్ దరిదాపుల్లో ఆగితే చాలు.

గిటార్‌లో హమ్ వస్తే మండపం లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతూ రండి. కొన్ని గిటార్లలో ఉండే సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కదలికను పట్టే భాగాలు) 50 హెర్ట్జ్ కరెంటు హోరును ఇట్టే పట్టుకుంటాయి. వాయించేవాడు నిలబడ్డ చోటనే కొంచెం తిరిగినా తగ్గుతుంది.

పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే మైకులు బిగించి శబ్దం కుదిరేసరికి పన్నెండయింది. మధ్యాహ్నం నుంచి ఏడు వరకు నాలుగు పాటలు, ఒక్కొక్కటి ఐదారు టేకులు. నేను డ్రమ్మర్ ఎదురుగా నాలుగడుగుల దూరంలో కూర్చుని వాడి కుడికాలు చూస్తూ వాయించాను. ఆ వేగం పెరిగే చోట ఇద్దరం ఒకేసారి తల ఎత్తాం. ప్రోగ్రామింగ్‌లో పట్టుబడనిది మూడో టేక్‌లో దానంతట అదే వచ్చింది.

సిటీకి వెళ్లడం

హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ డ్రమ్స్ కోసమే కట్టిన గదులు, అనుభవం ఉన్న ఇంజనీర్లు దొరుకుతారు. రాత్రి కాకినాడలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. కానీ నలుగురి టికెట్లు, బస, రెండు రోజుల సెలవు కలిపితే స్టూడియో అద్దెకు దీటుగా తేలుతుంది. పైగా తిరుగు రైలు టెన్షన్ వాయింపులోకి వస్తుంది. క్లిక్ (వేగం చూపే టిక్ టిక్ శబ్దం) పెట్టుకుని, ఆగకుండా, తప్పు లేకుండా పాట మొత్తం వాయించే స్థాయి మీకు వచ్చాకే వెళ్లండి. కొత్త పాట ఇంకా కుదురుకోకపోతే ఆ డబ్బు ఇక్కడే మూడు ఆషాఢాలకు సరిపోతుంది.

నా సలహా

మీ బ్యాండులో అసలు డ్రమ్మర్ ఉండి, పాటలు కలిసి వాయిస్తేనే ఊపు వచ్చేవైతే: డ్రమ్స్, బేస్ మండపంలో, గిటార్లు ఇంట్లో తీరిగ్గా, గొంతు ఊళ్లో స్టూడియోలో ఒక పూట. మూడు చోట్లా ఎవరి బలం వాళ్లది. ప్యాడ్స్ ఆర్టిస్ట్ ఉంటే ఇల్లే చాలు, మండపం ఖర్చు వద్దు. కిట్ లేదు, ప్యాడ్ లేదు, ఇద్దరే ఉన్నారంటే ప్రోగ్రామింగ్ చేసి, మిగిలిన డబ్బు మంచి మిక్సింగ్ ఇంజనీర్‌కు ఇవ్వండి. కిట్ సొంతంగా లేనివాళ్లు దగ్గరి చర్చి పెద్దలను అడిగి చూడండి. మా వైపు చాలా చర్చిల్లో కిట్ ఉంది. మర్యాదగా అడిగితే వారం మధ్యలో హాలు కూడా ఇచ్చినవాళ్లున్నారు.

గొంతు గురించి ఒక్క మాట ప్రత్యేకం. తెలుగు పదం దాదాపు ఎప్పుడూ అచ్చుతో ముగుస్తుంది కాబట్టి సాగదీసి పాడటానికి హాయిగా ఉంటుంది. కష్టమంతా హల్లుల్లో. డిస్టార్షన్ గిటార్లు రెండు పక్కలా హోరెత్తుతుంటే ల, ళ తేడా పోతుంది, ఒత్తులు మునిగిపోతాయి. మిక్స్‌లో గొంతు పెంచేకంటే రెండు నుంచి నాలుగు కిలోహెర్ట్జ్ మధ్య గిటార్లను కొంచెం తగ్గిస్తే మాట బయటికొస్తుంది. పాట తెలియని మనిషికి వినిపించి సాహిత్యం రాసివ్వమనండి. మా అమ్మ రాసిన కాగితంలో పల్లవి రెండో పాదం పూర్తిగా వేరే పదాలు. ఆ పాదం మళ్లీ పాడించాం.

మిక్సింగ్ మీరే చేసుకోవద్దు. నెలల తరబడి అదే పాట విన్న చెవికి ఏదీ వినబడదు. ఇంజనీర్‌కు ఫైళ్లు ఇంటర్నెట్‌లో పంపొచ్చు, అతను ఏ ఊళ్లో ఉన్నా ఫరవాలేదు. పాట శబ్దాన్ని సాధ్యమైనంత పెంచమని అడగొద్దు. స్పాటిఫై ఎలాగూ మామూలు సెట్టింగ్‌లో పాటలను మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి సర్దుతుంది.

హక్కుల కాగితం రికార్డింగ్‌కు ముందే రాసుకోండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద మొదటి హక్కు నిర్మాతది, విడుదలైన తరవాత 60 ఏళ్లు ఉంటుంది. రికార్డింగ్‌కు పూనుకుని బాధ్యత తీసుకున్నవాళ్లే నిర్మాత. ఊళ్లో ఎవరైనా అభిమానంతో ఖర్చంతా పెట్టుకుంటానంటే అది సాయమా, నిర్మాణమా అన్నది కాగితం మీద ఉండాలి. సాహిత్యం, స్వరం ఎవరివో కూడా అందులోనే రాసుకోండి.

ఫైళ్లు మూడు చోట్ల పెట్టండి. మావి ఒక కాపీ నా ల్యాప్‌టాప్‌లో, ఒకటి క్లౌడ్‌లో, ఇంకొకటి హార్డ్ డిస్క్‌లో. ఆ డిస్క్ రాజమండ్రిలో మా డ్రమ్మర్ వాళ్ల మూడో అంతస్తు ఇంట్లో ఉంటుంది, వరదొచ్చినా నీళ్లు అందని చోట.